గంజి పెట్టిన దారం

కాక గురించి రెండు మాటలు రాసివ్వమని ఆయన బిడ్డ అడిగింది. సంవత్సరీకం నాటికి చిన్న పుస్తకం వేస్తుందట. పాలీహౌసులో కొత్తగా పనికి చేరే పిల్లలందరికీ తలా ఒకటి ఇస్తుందట.

"రెండు మాటలంటే నాతోని గాదు బిడ్డా. నేను మొదలువెడితె ఆగనని నీకెరుకే గద" అన్నాను.

"ఎంతన్న రాయి చిన్నాయినా. కని అబద్ధం రాయకు" అన్నది.

ఆ మాట ఎందుకన్నదో చివర్లో మీకే తెలుస్తుంది. కాబట్టి పిల్లలూ, ముందే చెప్పి పెడుతున్నాను. ఇందులో గొప్పలు చాలా ఉంటాయి. ఎక్కువ కాకవి, కొంచెం నావి. ఒక తప్పు కూడా ఉంది. అందులో మాత్రం ఎవరికీ వాటా లేదు, మొత్తం నాదే.

కాకను ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. కోరుట్ల నుంచి జగిత్యాల దాకా ఏ రైతునడిగినా "మొక్కల కాక" అంటేనే గుర్తుపట్టేవాళ్లు. వయసులో ఉన్నప్పుడు గల్ఫ్‌కు పోయి, ఎడారి మధ్య దోసకాయలు పండించే ఒక అరబ్బు తోటలో చాలా ఏళ్లు పనిచేశాడు. మన దిక్కు నుంచి పోయినవాళ్లు బంగారమో, సెంటు సీసాలో, మెత్తని కంబళ్లో తెచ్చుకునేవాళ్లు. ఈయన మెడలో వేసుకునే థర్మామీటరు ఒకటి తెచ్చుకున్నాడు. వచ్చీ రాగానే ఉన్న కొద్దిపాటి భూమిలో ఇనుప పైపులు వంచి పాతి, మీద ప్లాస్టిక్ షీటు కప్పి, చుట్టూ సన్నని వల కట్టి పాలీహౌసు లేపాడు. మన దగ్గర ఎండకేం తక్కువని దాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటున్నాడని ఊరు ఊరంతా నవ్వింది.

"దుబాయి ఎండకు మనిషి తలకాయ తిరిగినట్టున్నది" అన్నారు.

"గా దేశంల చల్లగుంచేతందుకు ఇల్లు కట్టిండ్రు. మన దేశంల పురుగు రాకుంట కడుతున్న. ఇల్లు ఒక్కటే, పని వేరే" అని కాక నెమ్మదిగా చెప్పేవాడు. ఆయనకు కోపం రాదని కాదు. వచ్చేది. కానీ ఆ కోపాన్నీ నెమ్మదిగానే చెప్పేవాడు, అందుకే ఎదుటివాడికి ఇంటికి పోయాక తగిలేది.

ఆయన పద్ధతులు మీలో కొందరు చూసే ఉంటారు. పొద్దున నారుకు నీళ్లు పట్టందే ఛాయ్ ముట్టేవాడు కాదు. మొక్క చచ్చిందని అననిచ్చేవాడు కాదు, "అలిగింది" అనాలి. ఎవరు నారు కొనుక్కుపోయినా లెక్కకు మించి ఒక గుప్పెడు కొసరు వేసేవాడు. లోపలికి రావాలంటే చెప్పులు విప్పాలి, సబ్బుతో చేతులు కడగాలి. బీడీ, సిగరెట్టు, జర్దా ముట్టిన చేతులను మాత్రం గుమ్మం దగ్గరే ఆపేవాడు. పొగాకులో ఉండే ఒక తెగులు చేతుల మీదుగా టమాటాకు ఎక్కుతుంది, ఆకులు మచ్చలు పడి ముడుచుకుపోతాయి. ఒకసారి ఒక పెద్దాఫీసరు వేళ్ల మధ్య సిగరెట్టుతో దిగాడు. కాక చెంబుతో నీళ్లు తెచ్చి, పెళ్లికొడుకు కాళ్లు కడిగినంత మర్యాదగా ఆయన చేతులు దగ్గరుండి కడిగించాడు. ఆఫీసరు ఆ తర్వాత ఎప్పుడొచ్చినా జీపు దిగుతూనే చేతులు చాచేవాడు.

ఇక నా సంగతి. మాది సిరిసిల్ల. మరమగ్గాల చప్పుడుకు నిద్రపోయి, ఆ చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచినవాడిని. నాది వైపని. అంటే మగ్గం మీద పాత భీము, అదే నిలువు పోగులు చుట్టిన పెద్ద కండె, అయిపోయాక, కొత్త భీము పోగులను పాత పోగులకు ఒక్కొక్కటే అతికే పని. వేల పోగులు. రెండు వేళ్ల మధ్య పెట్టి మెలి తిప్పితే అతుకు పడాలి, ఎక్కడా ముడి కనపడొద్దు. మగ్గాలు వరుసగా మూతబడిన ఒక చెడ్డకాలంలో పని లేక కోరుట్ల దిక్కు వచ్చాను. కాక నా మొహం చూడలేదు, వేళ్లు చూశాడు.

"పోగులు అతికినోనివి. కాడలు అతకరావా?" అని అడిగాడు.

కాడలు అతకడం అంటే అంటు కట్టడం. కొన్ని భూముల్లో టమాటా వేస్తే పూతకొచ్చే వేళకు మొక్క నిలువునా వాడిపోతుంది. దానికి మందు లేదు. అడవి వంకాయ వేరును మాత్రం ఆ తెగులు ఏమీ చేయదు. అందుకని కింద అడవి వంకాయ వేరు, పైన టమాటా చిగురు. రెండూ నారు దశలో ఉండగానే ఏటవాలుగా కోసి, కోత మీద కోత ఆనించి, చిన్న క్లిప్పు పెట్టాలి. ఆ కాడలు అగ్గిపుల్లంత లావు కూడా ఉండవు. తర్వాత వారం రోజులు తడి ఆరకుండా చీకటి గదిలో ఉంచితే అతుక్కుంటాయి. చుట్టుపక్కల ఈ పని కాక దగ్గర తప్ప ఎక్కడా లేదు, కాక దగ్గర నాకంటే బాగా చేసేవాడు లేడు. ఇది గొప్ప కాదు, నిజం. గొప్ప తర్వాత వస్తుంది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోల్లో, సార్లు రోడ్ల మీద, బొగ్గు గనుల్లో. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. కాక రోజూ పొద్దున నారుకు నీళ్లు పట్టి, ఛాయ్ తాగి, కోరుట్ల దీక్షా శిబిరంలో ఒక గంట కూర్చొని వచ్చేవాడు. "నీళ్లు మనయి, బొగ్గు మనది, కరెంటు మాత్రం మనకు రాదు" అని మైకులో ఎవరన్నా అంటే, మా పంపుసెట్టు వైపు చూసి తల ఊపేవాడు.

అప్పటికి నెల ముందే బుగ్గారం దిక్కు నుంచి పదిమంది ఆడవాళ్లు వచ్చి పోయారు. తరతరాలుగా గుంట భూమి లేని కుటుంబాలు. కూలికి పోతారు, కూలి లేనప్పుడు బీడీలు చేస్తారు. వాళ్లందరూ కలిసి ఒక మెట్ట చెలకను కౌలుకు తీసుకున్నారు. తమ కోసం తాము పంట వేయడం వాళ్ల ఇండ్లలో అదే మొదలు. ఆ భూమికి మొక్క వాడిపోయే ఆ తెగులే ఉంది, అందుకే ఎవరూ తీసుకోక వీళ్లకు దొరికింది. వాళ్లను నడిపించే అక్క నాకంటే అయిదారేళ్లు పెద్ద. ఆదివారం ప్రార్థనకు తప్ప ఇంకెప్పుడూ కూర్చోగా చూడలేదని వాళ్లవాళ్లే అనేవాళ్లు.

"కాకా, గీ పంట చేతికి రాకపోతె మల్ల గా పటేలు పొలంకే కూలికి పోవాలె. ఆయన మమ్ముల జూసి నవ్వుతడు. గా నవ్వు నేను సూడలేను" అన్నది ఆ అక్క.

"నవ్వనియ్యం బిడ్డా. దీపావళి లోపట నీ నారు నీ చెలకల ఉంటది" అన్నాడు కాక. కాక మాటిచ్చాడంటే మాకు ఇక నిద్ర లేనట్టే.

వంకాయ కాడలు తయారయ్యాయి, టమాటా చిగుళ్లు తయారయ్యాయి. క్లిప్పులు మాత్రం రాలేదు. అవి ఎక్కడో దూరపు పట్నం నుంచి రావాలి, లారీలు ఆగిపోయాయి. కాడలు నాలుగు రోజులు దాటితే ముదురుతాయి, అప్పుడు అంటు పట్టదు. కాక పాలీహౌసులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అప్పుడు నేను నోరు తెరిచాను.

"క్లిప్పులెందుకు కాకా? దారంతోని కడుత. సిరిసిల్లోనికి దారానికి కరువా?"

"దారం కోస్తదేమో?"

"నూలు దారం కాకా. నేను కడితె కోస్తదా?"

మోటారు సైకిలు మీద రుద్రంగి మీదుగా సిరిసిల్ల పోయాను. దారిలో రెండు చోట్ల చెట్లు కొట్టి అడ్డం వేశారు, దిగి తోసుకుంటూ పోయాను. నాకు పాతకాలం నుంచీ తెలిసిన ఆసామి ఒకాయన మగ్గాలు ఆపుకొని ఖాళీగా కూర్చున్నాడు. ఆయన దగ్గర అన్నిటికంటే మంచిది, గట్టిది, భీముకు ఎక్కించే నూలు అడిగి తీసుకున్నాను. ఏదో ఒకటి ఎలా తెస్తాను? మా ఊరి పరువు కదా!

నేను తెచ్చిన దారాన్ని కాక వేళ్ల మధ్య రుద్ది చూశాడు. "దీన్ల ఏమన్న కలుస్తదా?" అని అడిగాడు.

"ఏం కలుస్తది కాకా, ఉత్త నూలు" అన్నాను.

పిల్లలూ, ఇక్కడ నేను అబద్ధమాడలేదు. నిజంగా అలాగే అనుకున్నాను. భీముకెక్కే నూలుకు గంజి పెడతారు. గంజి లేకపోతే మగ్గం దెబ్బకు పోగు తెగుతుంది. పుట్టినప్పటి నుంచీ గంజి పెట్టిన దారమే చూసినవాడికి గంజి వేరు, దారం వేరు అని తోచదు. మీ అమ్మ వండిన కూరలో ఉప్పు ఉందా అని ఎవరన్నా అడిగితే, కూర అంటారు కానీ ఉప్పు అంటారా?

నేనూ, పాలీహౌసులో మిగిలిన నలుగురూ మూడు రోజులు కట్టాం. ఎంత ముద్దుగా కట్టానో! ఒక్క కాడ నలగలేదు. ట్రేలన్నీ చీకటి గదిలో పెట్టి, తడి గోనెలు కప్పి తలుపు వేశాం.

రెండో రోజు నీళ్లు చల్లడానికి పోతే లోపల పుల్లటి వాసన. మంచి వాసన. అక్కడే నిలబడి ఊపిరి పీల్చుకున్నాను. మా నాయన పోగులకు గంజి పెట్టి వీధిలో సాపుగా ఆరబెట్టేవాడు, ఆ పొద్దులు గుర్తొచ్చాయి. ఇంటి వాసన తగిలితే ఎవడన్నా భయపడతాడా? ఆ వాసన ఇక్కడికి ఎందుకొచ్చిందని ఆలోచించాల్సింది పోయి, సంతోషపడి తలుపు వేసి వచ్చాను. ఇన్నేళ్లలో నేను చేసిన పనుల్లో ఇంత సిగ్గులేని పని ఇంకోటి లేదు.

నాలుగో రోజు కాక తలుపు తీశాడు. దారం కట్టిన ప్రతి చోటా తెల్లటి బూజు. దూదిలాగ పొంగి ఉంది. పైన చిగుళ్లన్నీ తలలు వాల్చేశాయి. కాక ఒక దారం విప్పి, నాలుక చివర పెట్టుకున్నాడు.

"గంజి" అన్నాడు. అంతే.

 కాక ఒక్కొక్క ట్రే బయటికి తీసి ఎండలో పెడుతున్నాడు. సాయం పట్టాలని కూడా నాకు తోచలేదు. అప్పుడే ఆయన సెల్లు మోగింది. బుగ్గారం అక్క. కాక స్పీకరు ఎప్పుడూ పెద్దగా పెట్టుకునేవాడు, చెవులు కొంచెం మందం. ప్రతి మాటా నాకు వినిపించింది.

"కాకా, నారెట్లున్నది?"

"పోయింది బిడ్డా. నేను తెచ్చిన దారం ఖరాబున్నది. దానికి గంజి ఉన్నది, సూసుకోలే. తప్పు నాదే."

 ఇక మొదలైంది. ఆమె తిట్టింది. గరీబోళ్లంటే అలుసా అన్నది. నీకు చేతగాకపోతే ముందే చెప్పరాదా, పెద్దమనిషివని నమ్మితిమి, మా నోట్ల మట్టి గొడితివి అన్నది. ఇంకా అన్నది, అవి రాయను. కాక "అవు బిడ్డా", "అవు బిడ్డా" అంటూ నిలబడ్డాడు. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. "అక్కా, దారం తెచ్చింది నేను" అని ఒక్క మాట అంటే అయిపోయేది. నా నోరు లేవలేదు.

ఫోను పెట్టేశాక అడిగాను. "నన్ను చెప్పకపోతివేంది కాకా?"

ఆయన ట్రే కడుగుతూనే చెప్పాడు. "నన్నంటె నాకేమైతది? ఇంటికి పోయి బువ్వ తింట. నిన్నంటె నీ చెయ్యి వణుకుతది. వణికే చెయ్యితోని అంటు గట్టరాదు. ఇంక ఒక్క మడి వంకాయ నారున్నది. రేపు నీ చెయ్యి నాకు గావాలె."

ఆ ఒక్క మడి, దానికి జతగా కొంత టమాటా, కొసరు కోసమని ఆలస్యంగా పోసిన నారు. ఎవరి లెక్కలోనూ లేనిది. కొసరు వేసే మనిషి కాకపోతే ఆ మడే ఉండేది కాదు. కానీ దానికి రెండు రోజుల కంటే గడువు లేదు. గంజి లేని దారం లేదు. బస్సులు లేక మా పనివాళ్లలో సగం మంది రావట్లేదు, ఉన్న నలుగురితో రెండు రోజుల్లో అయ్యే పని కాదు. తెల్లారితే జగిత్యాల రోడ్డు మీద వంటావార్పు. ఎక్కడి బండి అక్కడే.

పొద్దున కాక ట్రాలీ ఆటో తెప్పించాడు. వంకాయ ట్రేలు, టమాటా ట్రేలు, బ్లేడ్లు, తడి గోనెలు అన్నీ ఎక్కించాడు.

"రోడ్డు బంద్ కాకా, ఏడికి?" అన్నాను.

"వంటావార్పుకు. ఎట్లైన పోయేదే గద" అన్నాడు.

జగిత్యాల ఇంకా రెండు మూడు కిలోమీటర్లుందనగా ఆపేశారు. రోడ్డు నడుమ పెద్ద టెంటు. రాళ్ల పొయ్యిల మీద గుండిగలు, పప్పు ఉడుకుతోంది. డప్పులు, పాటలు, మైకు. ఆ శిబిరాన్ని నడిపిస్తున్నది సమ్మెలో ఉన్న ఒక బస్సు కండక్టరు. మెడలో విజిల్ ఉంది. అందరినీ ఆ విజిల్‌తోనే లేపుతున్నాడు, కూర్చోబెడుతున్నాడు.

"బండి పోదు కాకా. నువ్వన్న సరే, ఎవ్వలన్న సరే" అన్నాడు.

"పోనియ్యమని అడిగిన్నా? అందరికొక్కటే కానూను. జెర నీడ చూపెట్టు, నా పని ఈన్నే చేసుకుంట."

బుగ్గారం వాళ్లు కూడా ట్రాక్టరు మీద వంటావార్పుకు వచ్చారు. అక్క మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. కాక నేరుగా ఆమె దగ్గరికే పోయాడు.

"బిడ్డా, నిన్న తిట్టినవి, మంచిగైంది. గిప్పుడు నీతోని పనున్నది. మీ దగ్గర బీడీల దారం ఉన్నదా?"

 వాళ్లు ఎక్కడికి పోయినా చాట, దారం, ఆకు వెంట ఉంటాయి. కూర్చున్నచోట నాలుగు బీడీలు చుట్టుకుంటారు. సంచిలోంచి విప్పని రీలు ఒకటి తీసింది. సన్నగా, మెత్తగా ఉంది. కాక కొస తెంపి నాలుక మీద పెట్టుకున్నాడు.

"గంజి లేదు" అన్నాడు. నా వైపు చూడలేదు. చూడకపోవడం కూడా నాకు తగిలింది.

"ఇగ కట్టేటోళ్లు గావాలె. మీరే కట్టాలె."

నేను అడ్డం పోయాను. "కాకా, వద్దు! తంబాకు చేతులు! మొక్క మొక్కకు తెగులు అంటుతది. నువ్వే గద ఇన్నేండ్లు గుమ్మం కాడ ఆపింది."

అక్క గయ్యిమంది. "మా చేతులకేమైంది తమ్మీ? నీ చేతులకేమన్న బంగారం పూసిండ్రా? రోజుకు వెయ్యి బీడీలకు దారం చుడుతం. ఒక్కటన్న ఊడితె కంపెనోడు తిప్పి కొడుతడు. ఏడ గట్టాలె, ఎట్ల గట్టాలె, చూపెట్టు చాలు."

కాక కండక్టరు వైపు తిరిగాడు. "పాలున్నయా?"

"ఛాయ్‌కి ఉన్నయి."

"గవి నాకియ్యాలె. ఎడారిల మా అరబ్బు తోటల పొగ తాగినోల్లంత పాలల్ల చేతులు ముంచినంకనే మొక్క ముట్టాలె. పాలు పడితె గా తెగులు పనిచెయ్యదు."

కండక్టరు పాల డబ్బా వైపు చూశాడు, కూర్చున్న వందల మంది వైపు చూశాడు. ఆ తర్వాత విజిల్ ఊది మైకు తీసుకున్నాడు. "అన్నలారా, అక్కలారా! ఇయ్యాల ఛాయ్ లేదు. పాలు మొక్కల కాకకు ఇస్తున్నం. బీడీలు చేసే అక్కచెల్లెండ్లందరు టెంటు కుడి దిక్కు రావాలె. లైనుగ రావాలె, తోసుకోవద్దు."

బుగ్గారం వాళ్లే కాదు, కోరుట్ల వాళ్లు, జగిత్యాల వాళ్లు, ఎవరో ఏమో కూడా తెలియని ఆడవాళ్లు లేచి వచ్చారు. సబ్బుతో కడుక్కుని, పాలలో చేతులు ముంచి, టార్పాలిన్ మీద బారుగా కూర్చున్నారు. నేను కోశాను. కాక కోత మీద కోత ఆనించి అందించాడు. వాళ్లు కట్టారు. రెండు చుట్లు, ఒక లాగు, అయిపోయింది. నేను మూడు రోజులు ముద్దుముద్దుగా కట్టిన పనిని వాళ్లు వేరే ముచ్చట చెప్పుకుంటూ, పాటకు గొంతు కలుపుతూ, చూడకుండా కట్టేశారు. ఎక్కడ గట్టిగా లాగాలో, ఎక్కడ వదలాలో ఆ వేళ్లకు తెలుసు. ఆకు చిరగకుండా కట్టే చేతులకు కాడ నలగకుండా కట్టడం ఎంత పని? అంత గొప్ప అతుకులవాణ్ని, నేను వాళ్ల వేగానికి కోయలేక చెమటలు కక్కాను.

"తమ్మీ, జల్ది గొయ్యరాదు. చేతులు ఊకెనే ఉంటున్నయి" అని అక్క అరిచింది. అప్పటికి నవ్వుతోంది.

అన్నం పెట్టే వేళకు సగం అయింది. మళ్లీ చేతులు కడిగి, మళ్లీ పాలు. సాయంత్రం నాలుగింటికి ఆఖరి ట్రే మీద తడి గోనె కప్పాం. అడ్డాలు తీసే వేళ ఇంకా కాలేదు. కండక్టరు మా బండి ముందు నిలబడి విజిల్ ఊదుతూ నడిచాడు. కోరుట్ల దిక్కు తర్వాతి అడ్డం దాటే దాకా నడిచాడు. "రైట్ రైట్" అని ఆయన అంటుంటే, ఎన్నో రోజులుగా బస్సు ఎక్కనివాళ్లు చప్పట్లు కొట్టారు. పిల్లలూ, నా జీవితంలో నేను చాలా ఊరేగింపులు చూశాను. వంకాయ నారుకు ఊరేగింపు అదొక్కటే చూశాను.

ఆ వారం రోజులు కరెంటును నమ్మలేదు. గంటకొకరం చేతిపంపుతో నీళ్లు చల్లాం. ఎనిమిదో రోజు కాక తలుపు దగ్గర ఆగి, "నువ్వు తియ్యి" అన్నాడు. తీశాను. ముందు వాసన చూశాను. తడి మట్టి వాసన, అంతే. లోపల చిగుళ్లన్నీ తలలెత్తి నిలబడ్డాయి. నేను గుమ్మంలోనే కూర్చొని ఏడ్చాను. కాక నా భుజం తట్టి, "లే, ఆళ్లకు నీళ్లు వట్టు" అన్నాడు.

దీపావళి లోపలే నారు బుగ్గారం చేరింది. పక్క చెలకల్లో మామూలు టమాటా పూతలోనే వాడిపోయింది. వీళ్లది నిలబడింది, కాసింది. మొదటి కోతకు గంప నెత్తిన పెట్టుకొని అక్క పాలీహౌసుకు వచ్చింది. కాక ముందు దించి, "పటేలు నవ్వుత లేడు కాకా" అన్నది.

ఆ ఏడు కూలికి పోలేదు వాళ్లు. తర్వాత ఏళ్లలో రాష్ట్రం వచ్చింది, వాళ్ల కౌలు పెరిగింది, కొంత భూమి సొంతమే అయింది. ప్రతి పంటకారుకూ నారుకొస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతిసారీ అక్క కాకను ఆటపట్టించేది. "కాకా, గీసారి గంజి వెట్టలేదు గద?" అనేది. మిగతావాళ్లు పకపక నవ్వేవాళ్లు. ఊళ్లో చిన్నపిల్లలకు కూడా "గంజి కాక" అని తెలిసింది. కాక కూడా నవ్వేవాడు. "ఎప్పటిదో ముచ్చట, ఇంక ఇడువవా బిడ్డా" అనేవాడు. నేను ఆ నవ్వుల వేళకు ఏదో పని ఉన్నట్టు ట్రేల చాటుకు పోయేవాణ్ని. సూపర్వైజరునయ్యాను, కళ్లకు చత్వారం వచ్చి పని మానుకున్నాను. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. మొదట భయం. తర్వాత సిగ్గు. ఆ తర్వాత, ఇప్పుడెందుకులే అనే బద్ధకం. మూడింటిలో చివరిదే చెడ్డది.

పోయిన చలికాలం కాక పోయాడు. పొద్దున నారుకు నీళ్లు పట్టి, ఛాయ్ తెమ్మని కూర్చున్నాడు. ఛాయ్ తాగలేదు.

పదకొండో రోజు పాలీహౌసు ముందరే టెంటు వేసి దినాలు చేశారు. ఫొటోకు దండలు వేయొద్దని, నారు ట్రేలు పెట్టాలని ఆయన బిడ్డ పట్టుబట్టింది. జనం ఎంత వచ్చారంటే చెప్పులు విప్పడానికి చోటు లేదు. అయినా విప్పారు. ఆ విజిల్ కండక్టరు వచ్చాడు, జుట్టంతా నెరిసింది. బుగ్గారం వాళ్లు వచ్చారు. భోజనాల దగ్గర అక్క కళ్లు తుడుచుకుంటూ అందరికీ చెబుతోంది.

"గసొంటి మనిషి ఉండడు. ఒక్కసారే తప్పు జేసిండు. గా గంజి దారం. నేను నోటికచ్చినట్టు తిట్టిన, ఒక్క మాట ఎదురనలే."

అందరూ నవ్వారు, కన్నీళ్లతో. కాక బిడ్డ కూడా వింటోంది. నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇప్పుడు చెప్పకపోతే ఈ తప్పు కాక పేరు మీదే మట్టిలో కలుస్తుంది. లేచి నిలబడ్డాను.

"అక్కా, గా దారం కాక తేలే. నేను తెచ్చిన. ఉత్త నూలని చెప్పింది గుడ నేనే. పుల్లటి వాసనస్తె చెప్పకుంట ఊకున్నది గుడ నేనే."

నవ్వు ఆగింది. ఫోను మోగినప్పుడు నేను పక్కనే ఉన్న సంగతి, కాక చెప్పిన వణికే చెయ్యి మాట, అవి కూడా చెప్పాను. 

అక్క లేచి నా ముందుకొచ్చింది. ఏమన్నా క్షమిస్తుందేమో అనుకున్నాను. ఆమె అలాంటి మనిషి కాదు.

"ఇన్నేండ్లా? ఇన్నేండ్లు మా కాకను నాతోని అనిపిచ్చినవా? ఆనాడు ఫోన్ల నేను తిట్టిన తిట్లు నీయి. నీయి! కాక తిన్నడు. నువ్వు పక్కన్నే నిలవడి ఇన్నవా?" నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయి ఫొటో ముందు నిలబెట్టింది. "నాకు గాదు, గీయనకు జెప్పు."

చెప్పలేకపోయాను. ఫొటోలో కాక మెడలో ఆ థర్మామీటరు ఉంది. చేతులు జోడించి నిలబడ్డాను. వణుకుతున్నాయి. ఇప్పుడు వణికితే నష్టం లేదు, కట్టాల్సిన అంటు లేదు కదా అనుకున్నాను.

పక్కన ఆమె కూడా ఏడ్చింది. "ఏం మనిషివి కాకా, ఒక్కసారన్న చెప్పకపోతివి" అన్నది ఫొటోతో. నాతో మళ్లీ మాట్లాడలేదు. తిన్నారు, చేతులు కడుక్కున్నారు, ఆటో ఎక్కారు. నేను గేటు దగ్గర తల వంచుకుని నిలబడ్డాను. ఇక ఈ అక్క నా మొహం చూడదు అనుకున్నాను.

ఆటో కదిలి, నాలుగు గజాలు పోయి ఆగింది. అక్క తల బయటికి పెట్టింది.

"గంజి తమ్మీ!"

గేటు దగ్గరున్న వాళ్లందరూ తిరిగి చూశారు.

"వచ్చే కారుకు నారు గావాలె. కాక బిడ్డకు కోత నేర్పుతవో, నువ్వే కోస్తవో నాకెరుక లేదు. దారం మాత్రం నేనే తెస్త!"

కాక బిడ్డ నా పక్కనే ఉంది. పదకొండు రోజుల్లో ఆ పిల్ల నవ్వడం నేను అప్పుడే చూశాను. నేను చెయ్యెత్తి, రోడ్డు అవతలి దాకా వినపడేటట్టు అరిచాను.

"అట్లనే అక్కా!"